గుండె దిటవు చేసే దేవుడు

స్వామీ, మా ఊళ్ళ పొలిమేరల్లో నువ్వు గద భుజాన పెట్టుకుని నిలబడతావు. పటాల్లో సంజీవి కొండను అరచేత పట్టుకుని ఆకాశాన ఎగురుతావు. రామాలయాల్లో సీతారామలక్ష్మణుల పాదాల దగ్గర మోకాలు వంచి, చేతులు జోడించి ఉంటావు. హైదరాబాదు కర్మన్‌ఘాట్‌లో మాత్రం కూర్చున్నావు. చెయ్యవలసిన పని అంతా లోపలే ఉన్నట్టు, ధ్యానంలో కూర్చున్నావు. అందుకే ఇక్కడ నువ్వు ధ్యానాంజనేయ స్వామివి.

నూరు యోజనాల సముద్రాన్ని ఒక్క దూకులో దాటినవాడు కదలకుండా కూర్చుంటే ఆ కూర్చోవడంలో ఎంత వేగం అణిగి ఉంటుంది! లంక మార్మోగేలా గర్జించినవాడు పెదవి విప్పకుండా ఉంటే ఆ మౌనంలో ఎంత పలుకు దాగి ఉంటుంది! నీ ఎదుట నిలబడినప్పుడల్లా నాకు ముందుగా తోచేది ఇదే. బలం చూపించేవాళ్ళను లోకం ఎందరినో చూసింది. బలమంతా పోగేసుకుని, దాన్ని రామనామం దగ్గర కుదురుగా కూర్చోబెట్టినవాడివి నువ్వు.

నీ చుట్టూ ఉన్నది కూర్చోవడమే తెలియని లోకం. తెల్లవారుజామున ఎల్.బి. నగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సు దిగినవాళ్ళు, సూర్యాపేట బస్సు దిగినవాళ్ళు, ఖమ్మం బస్సు దిగినవాళ్ళు సంచులు భుజాన వేసుకుని ఆటోల వెంట పరుగెడతారు. తలల మీదుగా మెట్రో రైలు మియాపూర్ దిక్కు సాగిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్లమీద పుస్తకాలు పట్టుకున్న పిల్లలు ఎక్కుతూనే ఉంటారు, దిగుతూనే ఉంటారు. బట్టల దుకాణాల ముందు బేరాలు, టిఫిన్ సెంటర్ల ముందు గుంపులు, సిగ్నల్ దగ్గర హారన్లు. సరూర్‌నగర్ చెరువు పక్కగా వచ్చినా, సాగర్ రింగ్ రోడ్డు నుంచి చంపాపేట వైపు తిరిగినా ఆ హడావిడి నీ గుమ్మం దాకా వస్తుంది. అక్కడ చెప్పులు విడుస్తుంది. కాళ్ళు కడుక్కుని, తల వంచి, లోపలికి అడుగు పెడుతుంది. మంగళవారం, శనివారం ఆ వరుస ఎంత పొడుగో చెప్పలేం.

ఇది ఊరు కాకముందు అడవి అని చెబుతుంది నీ స్థలపురాణం. చంపాపేట లేదు, సైదాబాద్ లేదు, సంతోష్‌నగర్ లేదు. గోపురమంత గుండ్లు, వాటి సందుల్లో పొదలు, వేపలు, చింతలు, ఎండాకాలంలో నిప్పులు పూసే మోదుగలు. దక్కను నేలంతా ఎలా ఉండేదో ఇదీ అలాగే ఉండి ఉంటుంది. ఆ అడవికి వేటకు వచ్చాడు కాకతీయ రెండవ ప్రోలరాజు. హనుమకొండ నుంచి ఏలినవాడు. రుద్రదేవుడి తండ్రి, గణపతిదేవుడి తాత, రాణి రుద్రమకు ముత్తాత. ఆ వంశం కీర్తి చెట్టై కొమ్మలు వేయక ముందు దానికి వేరుగా నిలిచినవాడు.

వేటాడి వేటాడి అలసిపోయాడు రాజు. ఒక చెట్టు నీడన మేను వాల్చాడు. అప్పుడు వినిపించింది పులి గాండ్రింపు. అలసట ఎటు పోయిందో! విల్లు చేతికి వచ్చింది. చప్పుడు వచ్చిన దిక్కుకు నడిచాడు. నడిచిన కొద్దీ గాండ్రింపు ముందుకు జరిగింది. పొదలు తప్పించుకుంటూ, ముళ్ళు లెక్కచేయకుండా, ఇంకా లోపలికి, ఇంకా లోపలికి. పులి జాడ లేదు. కాసేపటికి ఆ గాండ్రింపు ఉన్న చోటే మరో ధ్వని. చెవి రిక్కించాడు. రామ. రామ. రామ. ఎవరో జపం చేస్తున్నారు. ఈ కారడవిలో ఎవరు? ఆకులు తప్పించి చూస్తే మనిషి లేడు. నువ్వున్నావు. రాతిలో కూర్చుని ఉన్నావు. రామనామం నీలో నుంచి వస్తున్నది.

రాజు విల్లు దించాడు. మొక్కాడు. రాజధానికి తిరిగి వెళ్ళాడు. ఆ రాత్రి కలలో కనిపించి గుడి కట్టమన్నావు. కట్టించాడు. ఇదంతా 1143లో జరిగిందని గుడి చరిత్ర చెబుతుంది.

ఈ కథ ఎన్నిసార్లు విన్నా నా మనసు ఆ పులి దగ్గరే ఆగిపోతుంది. వేటగాణ్ణి పిలవాలంటే వేటగాడికి వినిపించే గొంతుతోనే పిలవాలి. అడవిలో నడుస్తున్న రాజుకు రామనామం ముందుగా వినిపిస్తే ఎవరో మునిలే అనుకుని పక్కకు తప్పుకునేవాడేమో! గాండ్రింపు అయితే ఆగడు, వస్తాడు. అతని కోరికనే తాడుగా పేని అతణ్ణి నీ దాకా లాక్కొచ్చావు. మేమూ అంతే కదా తండ్రీ. నీ దగ్గరికి భక్తితో వచ్చినవాళ్ళం మాలో ఎందరం? ఉద్యోగం అనే గాండ్రింపు వెంట కొందరం, పెళ్ళి కుదరలేదనే దిగులు వెంట కొందరం, కోర్టు కేసు వెంట, కడుపు పండలేదన్న బాధ వెంట కొందరం వచ్చాం. వచ్చిన తరువాతే తెలిసింది, లోపల ఇంకేదో ధ్వని ఉందని.

ప్రోలరాజు తరువాత కాలం వెళ్ళింది. గుడి కట్టిన 20 ఏళ్ళకు, 1163లో, ఆయన కొడుకు రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి శాసనం వేయించాడు. ఏకశిలానగరమైన ఓరుగల్లు లేచింది. తోరణాలు నిలిచాయి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ఆ వంశమే ముగిసింది. బహమనీలు వచ్చారు, కుతుబ్‌షాహీలు వచ్చారు. మూసీ ఒడ్డున 1591లో చార్మినార్ లేచేనాటికి నువ్వు ఈ తూర్పు దిక్కున కూర్చుని నాలుగు వందల ఏళ్ళు దాటింది. నగరమే నీ తరువాత పుట్టింది స్వామీ. నడిచి నడిచి, చెరువులు తవ్వుకుంటూ, తోటలు వేసుకుంటూ, తోటలు కొట్టేసి కాలనీలు కట్టుకుంటూ, చివరికి నీ గుమ్మం ముందుకు వచ్చి ఆగింది.

ఆ నడుమ వచ్చింది 1687. ఔరంగజేబు గోల్కొండ మీద పడ్డాడు. ఎనిమిది నెలలు ముట్టడి. ఫిరంగులకు లొంగని కోట, లోపలివాడే తలుపు తీయగా లొంగింది. భక్త రామదాసు కథలో మన ఇంటివాడిలా మనకు తెలిసిన గోల్కొండ సుల్తాను తానీషా బందీగా దౌలతాబాదుకు వెళ్ళిపోయాడు, మళ్ళీ తిరిగి రాలేదు. ఇది చరిత్ర. నీ గుడి చెప్పుకునే రెండో కథ మొదలయ్యేది కూడా ఔరంగజేబు దగ్గరే.

గుళ్ళు కూల్చమని దండు పంపాడట. దండు నీ ప్రహరీ దాటి లోపలికి అడుగు పెట్టలేకపోయింది. సేనాని వెళ్ళి ఆ మాట చెబితే పాదుషాకు కోపం వచ్చింది. తానే బయలుదేరాడు. గడ్డపార తానే పట్టుకున్నాడు. గుడి వాకిట నిలబడి ఎత్తాడు. అప్పుడు లోపలినుంచి ఉరుములాంటి గర్జన. చేతులు వణికాయి. గడ్డపార జారి నేల మీద పడింది. ఆ వెంటనే ఆకాశం నుంచి మాట వినిపించింది: ‘మందిర్ తోడ్‌నా హై రాజా, తో కర్ మన్ ఘట్.’ గుడి పగలగొట్టాలంటే, ఓ రాజా, ముందు నీ మనసు గట్టి చేసుకో. పాదుషా వెనుదిరిగాడు. ఆ కర్ మన్ ఘట్ అనే మాటే జనం నోట కర్మన్‌ఘాట్ అయి, ఊరికి పేరుగా నిలిచిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఏ కోటకూ లేని కాపలా ఇది. గోల్కొండకు ఫతే దర్వాజా ఉంది, బురుజులున్నాయి, ఫిరంగులున్నాయి, ప్రాణాలిచ్చే సేనానులుండేవారు. నీకు ఉన్నది ఒక చిన్న ప్రహరీ, ఒక మాట.

ఆ మాట ఏ భాషలో పలికావో చూడు! కాకతీయుల కాలం నుంచి తెలుగు వింటున్నవాడివి. వచ్చినవాడికి తెలుగు రాదు. అతనికి అర్థమయ్యే భాషలో చెప్పావు. ఇది నీకు కొత్తా? అశోకవనంలో శింశుపా వృక్షం మీద ఆకుల మాటున కూర్చుని నువ్వు ఆలోచించింది ఇదే కదా. సీతమ్మతో ఏ భాషలో మాట్లాడాలి? పండితుల్లా సంస్కృతం మాట్లాడితే రావణుడే వేషం మార్చుకుని వచ్చాడని భయపడుతుంది. మామూలు మనుషులు మాట్లాడుకునే మాటల్లో చెప్పాలి అనుకున్నావు. వాల్మీకి సుందరకాండలో ఆ తర్జనభర్జన అంతా రాశాడు. దుఃఖంలో ఉన్న తల్లి దగ్గర ఆమె బెదరని భాష. కోపంతో వచ్చిన పాదుషా దగ్గర అతనికి తెలిసిన భాష. ఋష్యమూకం దగ్గర నీ తొలిపలుకు వినగానే, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడని రాముడంతటివాడు తమ్ముడితో అన్నాడు. మాటలో నిన్ను మించినవాడు లేడు. అంత మాటకారివి ఈ గుళ్ళో మౌనం పట్టి, అవసరం పడినప్పుడు ఒక్క వాక్యం పలికావు.

ఆ వాక్యంలో శాపం లేదు. నాశనమైపోతావని అనలేదు. వెళ్ళిపొమ్మని కూడా అనలేదు. కూల్చడానికి కావలసిన వస్తువు నీ దగ్గర లేదు, తెచ్చుకో అన్నావు. హిందుస్థానమంతా చేతిలో ఉన్నవాడు, ఏనుగులూ ఫిరంగులూ ఖజానాలూ ఉన్నవాడు తన లోపలికి తాను చూసుకున్నాడు. అది అక్కడ లేదు. అందుకే మరలిపోయాడు.

ఇక్కడే నీ మహిమ నాకు కళ్ళకు కడుతుంది. కూల్చవచ్చినవాడికి సవాలుగా చెప్పిన మాటను మా జనం మూటగట్టి ఇంటికి తెచ్చుకున్నారు. మనసు గట్టి చేసుకో. ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద కూర్చున్న భార్యకు పక్కింటి పెద్దమ్మ ఏం చెబుతుంది? ‘ధైర్యం చెడకు బిడ్డా, గుండె దిటవు చేసుకో, అంజన్న ఉన్నడు’ అంటుంది. మూడోసారి పరీక్ష పోయి ఊరికి ఫోన్ చెయ్యలేక హాస్టల్ మంచం మీద పడుకున్న పిల్లవాడికి గదిలో ఉన్న స్నేహితుడు ఏం చెబుతాడు? ‘లే అన్నా, శనివారం గుడికి పోదాం’ అంటాడు. చక్రవర్తి దగ్గర లేనిది కూరగాయల బండి నడుపుకునేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఎందుకంటే వాళ్ళు అడుగుతారు. ఆయన అడగలేదు.

అడగడం అంటే ఏమిటో నీకు బాగా తెలుసు. నీ బలం నువ్వే మరిచిపోయిన రోజు ఒకటుంది. చిన్నతనాన మునులిచ్చిన శాపం. మహేంద్రగిరి దగ్గర సముద్రం ముందు వానరులంతా కూలబడి ఉంటే నువ్వు ఒక పక్కన ఊరికే కూర్చున్నావు. ముసలి జాంబవంతుడు వచ్చి, నువ్వెవరివో నీకు చెప్పాడు. వింటూ వింటూ పెరిగావు. ఆ మాట విననిదే సముద్రం దాటడం లేదు, సీతమ్మకు ఉంగరం అందడం లేదు, సుందరకాండే లేదు. మనసు గట్టిపడటానికి ఒక్కొక్కప్పుడు మరొకరి గొంతు కావాలని అనుభవించినవాడివి నువ్వు. అందుకే ఇప్పుడు నువ్వు ఆ గొంతువయ్యావు. జాంబవంతుడు నీకు చేసిన మేలును, ఇక్కడ కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ చెల్లిస్తున్నావు.

ఈ పేటలు గుండె గట్టి చేసుకున్న సంగతి నీకు తెలుసు. 2002 నవంబరులో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మళ్ళీ పేలాయి, ఒకటి తరువాత ఒకటి. ఆఫీసు వదిలి బస్సు కోసం నిలబడినవాళ్ళు, చదువు మధ్యలో టిఫిన్ తినడానికి వచ్చిన పిల్లలు. ఊళ్ళల్లో ఫోన్ పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రులకు ఆ రాత్రి తెల్లవారలేదు. కొందరు పిల్లలు తిరిగి రాలేదు. ఆ బాధను తీర్చగలిగిన మాట ఎవరి దగ్గరా లేదు. కానీ అదే వీధుల్లో పొయ్యిలు మళ్ళీ వెలిగాయి. అదే స్టాపులో జనం మళ్ళీ నిలబడ్డారు. కొత్త ఏడాది కొత్త పిల్లలు పెట్టెలు మోసుకుంటూ వచ్చి, అవే మెట్లు ఎక్కారు. వాళ్ళను పంపిన అమ్మానాన్నల గుండె ఎంత గట్టిదో! నీ ఊరి పేరుకు అర్థం వాళ్ళు.

నీకు మేం ఇచ్చేవి ఎంత చిన్నవి! తమలపాకుల దండ. అశోకవనంలో రాముడి కబురు తెచ్చిన నిన్ను సత్కరించడానికి సీతమ్మకు చేతికందే పూలు లేక, పక్కనున్న తీగ నుంచి ఆకులు తుంచి నీ మెడలో వేసిందని పెద్దలు చెబుతారు. ఆ ముచ్చట ఇప్పటికీ నడుస్తున్నది. ఆకులమ్మే ఆమె తడిగుడ్డ విప్పుతుంది. పసుపు పచ్చగా ముదిరిన ఆకును పక్కకు తీసి, లేతాకుపచ్చ ఆకును తొడిమతో సహా ఎత్తుతుంది. నీళ్ళు విదిలిస్తుంది. చుట్టగా చుట్టి, దారం ఒక మెలిక వేసి బిగిస్తుంది. దాని పక్కనే మరొకటి, దాని పక్కనే ఇంకొకటి. నోట కబుర్లు సాగుతూనే ఉంటాయి, చెయ్యి చూపును అడగదు. చివర రెండు కొసలూ కలిపి ముడి వేసి, మూరెడు దండ చేతిలో పెట్టేటప్పుడు మాత్రం కబుర్లు ఆపి కళ్ళకద్దుకుంటుంది. ఆ దండ నీ దగ్గరికి వచ్చేసరికే ఒక మొక్కు దానిలో చేరి ఉంటుంది, కొన్నవాడిది కాక ఆమెది.

సింధూరం. సీతమ్మ పాపిట్లో చిటికెడు ఎందుకమ్మా అని అడిగితే నా స్వామి క్షేమం కోసం అందట. చిటికెడుకే రాముడికి క్షేమమైతే ఒళ్ళంతా పూసుకుంటే ఇంకెంత అని నువ్వు నిలువెల్లా పులుముకున్నావట. ప్రేమకు కొలత తెలియదు, నీకు అసలే తెలియదు. ఆ సింధూరమే ఇవాళ పూజారి వేలి కొసన మా నుదుటికి వస్తుంది. నూనెతో తడిసి కొద్దిగా బరువుగా ఉంటుంది. ఎండకు చెమట పట్టినా చెరగదు. ఆఫీసులో, క్లాసులో, ఆటో అద్దంలో, ఆ నారింజ రంగు చూసి ఒకరినొకరు గుర్తుపడతారు: ‘కర్మన్‌ఘాట్ పోయొచ్చినవా?’

ఇంకా వడమాలలు, అప్పాలు, కొబ్బరికాయలు. కొత్త బండి కొంటే ముందు నీ దగ్గరికే. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కు పూలదండ, ముందు కుంకుమ బొట్టు. తాళాలు పళ్ళెంలో పెట్టి నీకు చూపిస్తారు. వాయుపుత్రుడి ముందు మా చిన్న చిన్న వేగాలను నిలబెట్టి, జాగ్రత్తగా ఇంటికి చేర్చమంటారు. నీ పక్కనే రాముడున్నాడు, శివుడున్నాడు, వేణుగోపాలుడు, జగన్నాథుడు ఉన్నారు, దుర్గమ్మ, సరస్వతమ్మ, సంతోషిమాత ఉన్నారు. అందరికీ దండం పెట్టుకుని, ప్రదక్షిణలు చేసుకుని, కాసేపు కూర్చుని, లేస్తారు.

చైత్ర పున్నమి వస్తే మాల వేసుకుంటారు. కాషాయం కట్టి, నేల మీద పడుకుని, చన్నీళ్ళ స్నానం చేసి, ఒంటిపూట తిని మండలం రోజులు నీ దీక్షలో ఉంటారు. వైశాఖ బహుళ దశమికి కొండగట్టుకు చేరి మాల తీస్తారు. ఆ రోజుల్లో మెకానిక్ షెడ్డు కుర్రాడినీ, ప్లంబర్‌నీ, డిగ్రీ విద్యార్థినీ ఒకే పిలుపుతో పిలుస్తారు: స్వామీ. నీ పేరు పెట్టుకున్న ఆ కొద్దిరోజులూ బీడీ ముట్టనివాడు, అబద్ధం ఆడనివాడు, కోపం వస్తే నోరు నొక్కుకునేవాడు, వాళ్ళంతా నీ దగ్గర కూర్చోవడం నేర్చుకుంటున్నవాళ్ళు. గట్టి మనసు ఒక్కరోజులో రాదని, రోజూ ఒక పూట వదులుకుంటే వస్తుందని వాళ్ళు నేర్చుకునే పాఠం.

ప్రోలరాజును పులి గొంతుతో పిలిచినవాడా, నమస్కారం. పాదుషాతో పాదుషా భాషలో మాట్లాడినవాడా, నమస్కారం. అడవిలో జపించిన రామనామాన్ని ట్రాఫిక్ నడుమ కూడా తప్పనివాడా, నమస్కారం. అంజనమ్మ కొడుకా, మా అంజన్నా, నమస్కారం.

కూల్చడానికి కావలసిన గట్టిదనం లోకంలో ఎవరికీ ఇవ్వకు. నీ వాకిట ఒక చక్రవర్తికి ఇవ్వలేదు, ఇంకెవరికీ ఇవ్వకు. కట్టుకున్నదాన్ని కాపాడుకునే గట్టిదనం మాకు ఇవ్వు. అప్పు తీర్చేదాకా మాట నిలుపుకునే గట్టిదనం, ఓడిన పిల్లవాణ్ణి కసురుకోకుండా దగ్గరికి తీసుకునే గట్టిదనం, పక్కింటివాడి దేవుణ్ణి చూసి చెయ్యెత్తి మొక్కే గట్టిదనం. మేం మరిచిపోయినప్పుడల్లా జాంబవంతుడిలా గుర్తు చెయ్యి. ఊరి పేరులోనే ఆ మాట పెట్టి ఉంచావు. బస్సు కండక్టరు రోజుకు ఎన్నోసార్లు దాన్నే అరుస్తున్నాడు. వినే చెవి ఇవ్వు, చాలు.